పేజీ మీద షేర్ల అంకె: పెట్టుకోదగిన సరుకేనా?

వ్యాసం శీర్షిక కింద సోషల్ మీడియా బటన్ల వరుస, ఆ వరుస చివర ఇన్ని షేర్లు అయ్యాయని చెప్పే ఒక అంకె ఉండడం వెబ్‌సైట్లు చదివేవారందరికీ అలవాటైన దృశ్యమే. దీన్ని చూపించే ప్లగిన్లు, అంటే సైటుకు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాములు, సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో కొన్ని ఉచితంగానూ, కొన్ని ఏడాది చందా మీదా దొరుకుతాయి. వంటల కోసమో, కథల కోసమో, జిల్లా వార్తల కోసమో సొంతంగా సైటు పెట్టుకున్నవారు వీటిలో ఏది మంచిదని తరచూ అడుగుతుంటారు. బటన్ల రంగులు, ఆకారాల సంగతి ఎలా ఉన్నా, ఆ అంకెనే ఒక సరుకుగా తీసుకుని అది దేన్ని కొలుస్తోందో, ఎక్కడి నుంచి వస్తోందో చూడడం ఈ సమీక్ష ఉద్దేశం. తీర్పు ముందే చెబుతాను: బటన్లు ఉండవచ్చు, అంకె వద్దు. అంకె వల్ల గొప్పలూ అసూయలూ పెరుగుతాయన్నది కాదు నా అభ్యంతరం. కొలత సాధనంగానే అది నమ్మదగినది కాదు.

ముందుగా అది కొలిచేదేమిటో చూద్దాం. ఈ ప్లగిన్లకు లెక్కలు అందించే ప్రధాన వనరు ఫేస్‌బుక్. ఒక చిరునామాకు ఎన్ని స్పందనలు, ఎన్ని వ్యాఖ్యలు, ఎన్ని షేర్లు వచ్చాయో ఫేస్‌బుక్ విడివిడిగానే చెప్పగలదు, కానీ చాలా ప్లగిన్లు వాటన్నిటినీ కలిపేసి, వచ్చిన మొత్తానికి "షేర్లు" అని పేరు పెడతాయి. వ్యాసం నచ్చక కింద నాలుగు తిట్లు రాసి వెళ్ళినవాడు కూడా ఆ లెక్కలో పంచుకున్నవాడే అవుతాడు. 2012లో ఇంకొక సంగతి బయటపడింది. ఒకరు ఇంకొకరికి ప్రైవేటు సందేశంలో ఏదైనా లింకు పంపితే, అది కూడా ఆ పేజీ లైక్ బటన్ మీది అంకెను పెంచుతోందని అప్పట్లో వార్తలు వచ్చాయి, ఫేస్‌బుక్ దాన్ని అంగీకరించింది. అంకె పెరగడానికి కారణమైన పని ఏమిటో పాఠకుడికి గాని, సైటు నడిపేవారికి గాని తెలిసే మార్గం లేదు.

అంకె అంటిపెట్టుకుని ఉండేది వ్యాసానికి కాదు, దాని చిరునామాకు. సైటును హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మార్చినప్పుడు, అంటే చిరునామా మొదటి ముక్క మారినప్పుడు, పాత షేర్లన్నీ కనబడకుండా పోయాయని ఎంతోమంది గగ్గోలు పెట్టడానికి కారణం ఇదే. తెలుగు సైట్లకు ఈ చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ చిరునామాను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక, ఆ లింకును నకలు తీసి ఎక్కడైనా అతికిస్తే శాతం గుర్తులతో నిండిన ఒక పెద్ద తోక బయటికి వస్తుంది. అది చూసి విసిగిపోయి చిరునామాలను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకున్న రోజున, వ్యాసంలో ఒక్క అక్షరమైనా మారకపోయినా, షేర్ల అంకె సున్నాకు పడిపోతుంది. సోషల్ వార్‌ఫేర్ లాంటి ప్లగిన్లు పాత చిరునామా లెక్కను కూడా కలిపి చూపే సదుపాయాన్ని తమ చందా రూపంలో అమ్ముతున్నాయి. మారని వస్తువుకు మారే కొలతను తగిలించి, ఆ మార్పును సరిదిద్దడానికి మళ్ళీ డబ్బు కట్టించుకోవడం విచిత్రమైన వ్యాపారమే.

ఇక సరఫరా. అంకె సైటు యజమాని సొంతం కాదు, సోషల్ మీడియా కంపెనీలు ఇచ్చినంతకాలం వస్తుంది, ఆపేస్తే ఆగుతుంది. ఈ విషయం అందరికీ తెలిసివచ్చింది 2015లో. తన బటన్ పక్కన చూపించే అంకెను, దానికి ఆధారమైన సేవను ఆపేస్తున్నట్టు ట్విటర్ ఆ అక్టోబరులో ప్రకటించి, నవంబరు 20 నాటికి నిజంగానే ఆపేసింది. ఆ సేవ ట్విటర్ తన బటన్ కోసం నడుపుకున్నదే తప్ప బయటివారికి అధికారికంగా ఇచ్చినది కాదు, అయినా వేల సైట్లు దాని మీదే ఆధారపడ్డాయి. కసాండ్రా అనే డేటాబేస్ నుంచి మాన్‌హటన్ అనే సొంత డేటాబేస్‌కు తన వ్యవస్థనంతా తరలిస్తూ, ఈ ఒక్క లెక్క కోసం పాతదాన్ని మోయడం ఇక తగదని కంపెనీ నిర్ణయించుకుంది. ఆ సందర్భంలో ట్విటర్ తనకు తానే చెప్పిన మాట ఈ సరుకు మీద నేను చదివిన అన్నిటికన్నా నిక్కచ్చి విమర్శ: జవాబులూ, కోట్ ట్వీట్లూ, అదే పేజీకి ఉండే వేర్వేరు చిరునామాలూ ఆ అంకెలో చేరవు, పంచుకున్న మనిషిని పదిమంది అనుసరిస్తున్నారా, పది లక్షల మందా అన్నది కూడా అందులో కనబడదు. తయారీదారే తన తూకం సరికాదని ఒప్పుకున్న తరవాత మనం చేర్చవలసింది పెద్దగా ఉండదు.

ఆ తరవాత లింక్డ్‌ఇన్ 2018లో తన అంకెను ఆపింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న సాధారణ వినియోగదారులకు మొత్తంగానే మూతపడింది. బయటి సైట్లలో పెట్టుకునే ఫేస్‌బుక్ లైక్, వ్యాఖ్యల బటన్లను 2026 ఫిబ్రవరి 10 నుంచి ఆపేస్తున్నట్టు ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా 2025 నవంబరులో ప్రకటించింది. ట్విటర్ అంకె పోయాక ఆ ఖాళీని పూరిస్తామంటూ పుట్టుకొచ్చిన సేవల్లో న్యూషేర్‌కౌంట్స్ ఒకటి. 2018లో అది మూతపడ్డాక, దాని స్క్రిప్టు ఉండే క్లౌడ్ స్థలాన్ని ఎవరో మోసగాళ్ళు తమ వశం చేసుకుని, ఆ కోడ్‌ను ఇంకా తీసెయ్యని సైట్ల పాఠకులను మోసపు పేజీలకు మళ్ళించారు.

తెలుగు సైట్ల విషయంలో అసలైన లోపం వీటన్నిటికన్నా పెద్దది. మనవాళ్ళు లింకులు పంచుకునేది ఎక్కువగా వాట్సాప్‌లో. వాట్సాప్‌లో ఒక లింకు ఎన్నిసార్లు వెళ్ళిందో బయటి సైట్లకు చెప్పే సేవ ఏదీ లేదు. 2016 ఏప్రిల్ నుంచి అక్కడి సందేశాలన్నీ పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరొకరు చదవలేని రీతిలో గుప్తీకరించి ఉంటున్నాయి. పేజీ మీది వాట్సాప్ బటన్ ఎన్నిసార్లు నొక్కారో సైటు లెక్కపెట్టుకోగలదు గాని, నొక్కినవారు నిజంగా పంపారో లేదో, పంపినది ఆ తరవాత ఎన్ని కుటుంబ గ్రూపులు తిరిగిందో దానికి తెలియదు. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టినప్పుడు గాని, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశం మీద రెండు బాణాల గుర్తు చూపడం మొదలుపెట్టినప్పుడు గాని, అంకె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

దీని ఫలితంగా లెక్క తప్పడమే కాదు, ఒకే పక్కకు తప్పుతుంది. ఉసిరికాయ పచ్చడి పెట్టే పద్ధతి, పింఛను దరఖాస్తుకు కావలసిన కాగితాల వివరం, షుగర్ ఉన్నవారి ఆహారం లాంటి వ్యాసాలు అత్తగారి నుంచి కోడలికి, హైదరాబాదు నుంచి డాలస్‌కు గ్రూపుల్లోనే ప్రయాణిస్తాయి, కనుక వాటి కింద అంకె ఎప్పుడూ పల్చగానే ఉంటుంది. ఇద్దరు హీరోల అభిమానులు ఫేస్‌బుక్ పేజీల్లో బహిరంగంగా కొట్టుకున్న వ్యాసం కింద అది బలిసి కనబడుతుంది. ఎవరికి ఎక్కువ ఉపయోగపడిందో దానికి తక్కువ మార్కులు వేసే కొలతను పాఠకుడి ముందు పెట్టడం, నా దృష్టిలో, అతనికి తప్పుడు సమాచారం ఇవ్వడమే.

అంకె పాఠకుడికి దారి చూపుతుందన్న వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక్కరు కూడా లేని హోటల్లోకి అడుగుపెట్టడానికి ఎవరమైనా వెనుకాడతాం. అయితే జనాన్ని చూసి జనం చేరడం సరుకు నాణ్యతకు ఎంతవరకు గుర్తు అన్నది 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం చక్కగా చూపించింది. పద్నాలుగు వేలకు పైగా శ్రోతలకు పేరులేని బృందాల పాటలు 48 ఇచ్చి, కొందరికి డౌన్‌లోడ్ల అంకెలు చూపించారు, కొందరికి చూపించలేదు. చూసినవారిని మళ్ళీ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎనిమిది గుంపులుగా విడదీశారు. అంకెలు కనబడిన గుంపుల్లో గెలిచిన పాటలకూ ఓడిన పాటలకూ మధ్య అంతరం పెరిగింది. అంతకన్నా ముఖ్యంగా, ఏ గుంపులో ఏ పాట గెలుస్తుందో ముందుగా చెప్పడం కష్టమైంది. మరీ మంచివి అట్టడుగుకు, మరీ చెడ్డవి పైకి పోవడం అరుదు గాని, మధ్యలో ఉన్న వాటి అదృష్టం మొదట విన్న కొద్దిమంది చేతిలో పడిపోయింది. మన సైట్లలో వచ్చే రాతల్లో చాలా భాగం ఆ మధ్య కోవకు చెందినదే.

పైగా పంచుకున్నవారు చదివారన్న హామీ కూడా లేదు. ట్విటర్‌లో పంచుకున్న వార్తా లింకుల్లో 59 శాతాన్ని ఒక్కరు కూడా తెరవలేదని కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌కు చెందిన ఇన్రియా పరిశోధకులు 2016లో తేల్చారు.

ఖర్చు విషయానికి వస్తే, చందా డబ్బు అందులో చిన్న భాగమే. ఉచితంగా దొరికే బటన్ల సేవలు పాఠకులను వెంబడించి బతుకుతాయని 2014లో యాడ్‌దిస్ ఉదంతంలో తెలిసింది: బ్రౌజర్ చేత కనబడని చిత్రాన్ని గీయించి, ఆ గీతల తేడాను బట్టి మనిషిని గుర్తుపట్టే పద్ధతిని అది వాడుతోందని ప్రిన్స్‌టన్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు బయటపెట్టారు. తరవాత ఒరాకిల్ కొనుక్కున్న ఆ సేవ 2023 మే 31న మూతపడింది. ఐరోపాలో ఈ బాధ్యత సైటు యజమాని మెడకు కూడా చుట్టుకుంది. లైక్ బటన్ పెట్టుకున్న ఫ్యాషన్ ఐడి అనే జర్మనీ దుస్తుల వ్యాపారి, ఆ బటన్ ద్వారా సమాచారం ఫేస్‌బుక్‌కు చేరడంలో ఉమ్మడి బాధ్యుడేనని ఐరోపా న్యాయస్థానం 2019 జులై 29న తీర్పు చెప్పింది. అక్కడి తెలుగు సంఘాల సైట్లు నడిపేవారు ఇది గుర్తుంచుకోవాలి. భద్రత మాటకొస్తే, దాదాపు డెబ్భై వేల సైట్లలో ఉన్న సోషల్ వార్‌ఫేర్‌లో 2019 మార్చిలో బయటపడిన లోపాన్ని దొంగలు వెంటనే వాడుకున్నారు. 2024 జూన్‌లో అదే ప్లగిన్ అధికారిక ప్రతిలోకే హానికర కోడ్ చేరింది. ఒక అంకె కోసం ఇంత తలుపు తెరిచి ఉంచడం అతి.

ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోక తప్పదంటే, జర్మనీకి చెందిన హైజె సంస్థ పత్రిక 2014లో విడుదల చేసిన షారిఫ్ అనే షేర్ బటన్ల కోడ్‌ను, వర్డ్‌ప్రెస్‌లో దాని ఆధారంగా పనిచేసే షారిఫ్ రాపర్‌ను సిఫారసు చేస్తాను. అందులో బటన్లు మామూలు లింకులే, కనుక పాఠకుడు నొక్కేదాకా ఏ కంపెనీకీ అతని సంగతి తెలియదు. అంకె కావాలనుకుంటే దాన్ని పాఠకుడి బ్రౌజర్ కాకుండా మన సర్వరే అడిగి తెస్తుంది. ఫోన్లలో చదివేవారు ఎక్కువైతే అదీ అక్కర్లేదు. ఫోన్ సొంత షేర్ జాబితాను తెరిచే సౌకర్యం ఇప్పుడు బ్రౌజర్లలోనే ఉంది, దానికి నాలుగు వరుసల కోడ్ చాలు, ఫోన్‌లో ఉంటే వాట్సాప్ కూడా అందులో కనబడుతుంది.

అయినా అంకె చూపించి తీరాలన్న ప్రకటనదారుడో, భాగస్వామో ఉంటే, కొన్ని సెట్టింగులు మార్చి పెట్టుకోవచ్చు. అన్ని సోషల్ మీడియాల మొత్తం కలిపి చూపే లెక్కను ఆపివేసి, దేని అంకె దాని పక్కనే ఉంచాలి. కనీసం ఇన్ని దాటితేనే కనబడాలన్న పరిమితి పెట్టుకుంటే కొత్త వ్యాసాలు సున్నాతో వెలవెలబోవు. లెక్కను నిమిషానికోసారి కాకుండా కొన్ని గంటలకోసారి తెప్పించుకుంటే సర్వర్ మీద భారం తగ్గుతుంది. "షేర్లు" అన్న పేరు తీసేసి "ఫేస్‌బుక్‌లో స్పందనలు" అని రాసుకోవడానికి ఏ చందా కట్టనక్కర్లేదు.