హాస్టల్ మెస్‌లో ఆవిరి వంట: ఇన్నేళ్ల వాడకం తర్వాత

హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ కళాశాల హాస్టల్ మెస్ బాధ్యత నాది. పూటకు ఆరు వందల మందికి పైగా తింటారు. గ్యాస్ భట్టీల స్థానంలో, గ్యాస్‌తోనే నీటిని ఆవిరిగా మార్చే బాయిలర్, ఆ ఆవిరితో ఉడికించే గుండిగలు పెట్టించి ఇది నాలుగో విద్యా సంవత్సరం.

అన్నానికి దీన్ని మించినది నేను చూడలేదు. అడుగున మంట ఉండదు కాబట్టి మాడదు. మరుగుతున్న గంజిని ఇద్దరు కలిసి వంచే ప్రమాదకరమైన పని తప్పింది. అయితే అమ్మేవారు చెప్పే నీళ్ల కొలతను ఏడాది పొడవునా నమ్మకండి. అది పాత బియ్యం కొలత. వానాకాలం వరి కోతలయ్యాక కొత్త బియ్యం దిగితే అదే ఎసరుకు అన్నం ముద్దవుతుంది. పైగా ఆవిరి నేరుగా గుండిగలోకి వెళ్లి నీరుగా మారుతుంది, ఆ మేరకు పోసే ఎసరునూ తగ్గించాలి. బియ్యం లోడు మారిన ప్రతిసారీ మా పెద్ద వంటమనిషి ముందు రెండు కిలోలు వండి చూసి కొలత చెబుతారు. అలాంటి మనిషి లేని వంటగదికి ఈ యంత్రం సగమే పనికొస్తుంది.

నేరుగా ఆవిరి పట్టిస్తే సాంబారు, పప్పు పలచబడతాయి. వాటికి రెండు పొరల గోడలున్న గుండిగ తీసుకోండి. ఆవిరి పొరల మధ్యే తిరుగుతుంది. ఖరీదు ఎక్కువే అయినా ఇక్కడ పొదుపు చేయకండి. పోపుకూ వేపుడుకూ మాత్రం ఈ రెండు రకాల గుండిగల్లో ఏదీ పనికిరాదు. బాయిలర్ మీటరు మీద చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి చూపుతున్నప్పుడు ఆవిరి వేడి 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, నూనె అంతకంటే చాలా ఎక్కువ కాగాలి. కనీసం రెండు గ్యాస్ పొయ్యిలు ఉంచుకోండి.

అసలు సమస్య నీళ్లతో. మా బోరు నీటిలో సున్నం ఎక్కువ. మొదటి ఏడాది చివరికే బాయిలర్ గొట్టాలకు తెల్లటి పొర గట్టిగా పట్టింది. ఆవిరి ఆలస్యమైంది, గ్యాస్ ఖర్చు పెరిగింది. మాకు అమ్మిన సంస్థ నీటి గురించి ఒక్క మాటా అడగలేదు. ఆ తర్వాతే నీటిలోని సున్నాన్ని తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టించాం. దానికి వేళ తప్పకుండా ఉప్పు పోయాలి, బాయిలర్ అడుగు నీటిని రోజూ వదలాలి. ఈ రెండు పనులూ ఫలానా మనిషివని రాసిపెట్టండి. కరెంటు పోతే నీటి పంపు ఆగుతుంది, కాబట్టి జనరేటర్ లైన్ తప్పనిసరి.

నాకు అన్నిటికంటే విలువైన లాభం విడతలుగా వండగలగడం. ఇంతకుముందు అన్నమంతా ఏడు గంటలకే దించేవాళ్లం. ఇప్పుడు సగం వండి, వరుస చూసి మిగతాది ఎక్కిస్తాం. శనివారం సాయంత్రం కరీంనగర్, మంచిర్యాల పిల్లలు ఊరెళ్తారు; మేడారం జాతర వారంలో హాస్టల్ సగం ఖాళీ అవుతుంది. అలాంటి రోజుల్లో పారబోసేది బాగా తగ్గింది. ల్యాబ్ ముగించుకుని ఆలస్యంగా వచ్చే పిల్లలకూ వేడి అన్నం దొరుకుతోంది. వండిన అన్నం 60 డిగ్రీల కంటే చల్లబడి గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి ఇది రుచికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

చిన్న బడులకు ఇది వద్దు. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం లెక్క. వంద మంది బడికి పది పదిహేను కిలోలు, పెద్ద గిన్నె, గ్యాస్ పొయ్యి చాలు. మూడు వందలు దాటిన హాస్టళ్లు తప్పక తీసుకోవచ్చు. బేరం మొదలుపెట్టే ముందు మీ నీటిని పరీక్ష చేయించండి, ఆవిరి బయటికి పోకుండా అతుకుల దగ్గర పెట్టే గాస్కెట్లు వరంగల్‌లోనే దొరుకుతాయో లేదో కనుక్కోండి. మాకు ఒకసారి హైదరాబాద్ నుంచి గాస్కెట్ వచ్చేదాకా రెండు రోజులు భట్టీల మీదే వండాల్సి వచ్చింది.