శంషాబాద్‌లో దిగాలా, ఢిల్లీ మీదుగా గన్నవరమా?

జర్మనీలో ఇంటర్న్‌షిప్ అయిపోయి నేనూ మా ఫ్రెండూ బెజవాడ వచ్చేముందు ఇదే పెద్ద చర్చ. ఢిల్లీ మీదుగా అయితే గన్నవరం దాకా ఫ్లైటే, దిగాక ముప్పావు గంటలో ఇల్లు, కానీ ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఢిల్లీలోనే, అక్కడ పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వాలి, మొదటి ఫ్లైట్ లేటయితే ఇక గుండె దడే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి 2024 జనవరి నుంచి డైరెక్ట్ ఉంది, కాకపోతే తర్వాత రోడ్డు మీద దాదాపు 280 కిలోమీటర్లు. మేం ఇదే తీసుకున్నాం. సూర్యాపేట దగ్గర బస్సు ఆగితే ఒకే ప్లేట్ ఇడ్లీలో అల్లం చట్నీ వేయించుకున్నాం, ఆరు నెలల తర్వాత ఆ ఘాటు తగిలేసరికి మా ఫ్రెండ్‌కి కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. అది పక్కనుంది కాబట్టి బస్సు భారం అనిపించలా, ఒక్కదాన్నే అయితే ఢిల్లీ వైపే చూసేదాన్ని.