అద్దాల పెట్టెలో ఒకే పేజీ

వరంగల్ వెళ్లేవాళ్లు చాలామంది వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి చెరువు చూసుకుని సాయంత్రానికి బస్సెక్కేస్తారు. మేం పాత పుస్తకాల కోసం వెళ్లాం, రెండు రోజులు ఉన్నాం. నిజాం రోజుల్లో, తెలుగు చదువే కష్టమైన కాలంలో, 1904లోనే హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టిన ఊరిది. ఇలాంటి చోట పాత పుస్తకాలను ఎలా చూసుకుంటున్నారో చూడాలనిపించింది.

ఉప్పల్ నుంచి బస్సులో మూడు గంటల పైనే పట్టింది. రైలైతే నయం, కాజీపేటలో దిగినా దగ్గరే. చౌరస్తా దగ్గర దిగిన లాడ్జి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం రెండు రోజులూ రాలేదు. పక్క సందులో దొరికిన సర్వపిండి ఆ కోపం కాస్త తగ్గించింది. పల్లీలు, నువ్వులు బాగా పడ్డాయి, అడుగు కరకరలాడుతోంది.

మొదటి రోజు చూసిన గ్రంథాలయం పేరు చెప్పను. హాలు మధ్యలో అద్దాల పెట్టె, అందులో వందేళ్ల నాటి పుస్తకం తెరిచి ఉంది, లోపల ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. చూడ్డానికి అందంగానే ఉంది. వంగి చూస్తే పేజీ టీ రంగులోకి తిరిగింది. పేరు రాసిన చీటీ కొంచెం పక్కకి జరిగితే దాని కింద నలుచదరంగా కాగితం ఇంకా తెల్లగా ఉంది. అంటే ఎన్నాళ్లుగానో అదే పేజీ! వెలుతురు చేసిన చెరుపు పోగవుతూనే ఉంటుంది, లైటు ఆర్పితే వెనక్కి రాదు. అందుకే మ్యూజియాల్లో ఇలాంటి కాగితాల మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు, కొన్ని నెలలకోసారి పేజీ మారుస్తారు. చెక్కగుజ్జుతో చేసిన ఆనాటి కాగితంలో ఆమ్లం ఎక్కువ, చీకట్లో పెట్టినా పెళుసెక్కుతుంది. దానికి తోడు పెట్టెలో ఆ లైటు వేడి.

రెండో రోజు ఒక పెద్దాయన దగ్గరున్న తాళపత్రాలు చూశాం. సర్వపిండి తిని నేరుగా వెళ్లానేమో, ముందు చేతులు చూపించమన్నారు. "గా నూనె చేతులతోని ముట్టకుండ్రి మేడమ్, సబ్బుతోని కడుక్కొని రాండ్రి." నూనె నుంచి, నీళ్ల నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికివ్వకు అని తాళపత్రమే మొరపెట్టుకున్నట్టు పూర్వం లేఖకులు చివర్లో రాసేవారట. అందులో నాలుగోది నేనేనా అని నవ్వొచ్చింది.

ఎర్రబట్ట ముడి విప్పగానే పురుగు రాకుండా పెట్టిన వస కొమ్ము వాసన గుప్పుమంది. పైనా కిందా చెక్కపలకలు, మధ్యలో ఆకులు, రంధ్రంలోంచి దారం. దారం బిగిస్తే ఆకు చిట్లుతుంది, వదిలేస్తే వంకర పోతుంది. ఆకు ఎండిపోతే నిమ్మగడ్డి నూనె పల్చగా పూస్తారు, మెత్తబడుతుంది, పురుగూ రాదు. లేఖకుడు మొరపెట్టుకున్నది వంట నూనె గురించి కాబోలు! గంటం అనే ఇనుప కలంతో గీసిన అక్షరాల్లోకి మసి రుద్దితే గానీ చదవరాదు. ఒక ఆకును వెలుతురుకి ఏటవాలుగా పట్టి, మసి పోయిన వరసను కూడా చదివి వినిపించారు.

చినిగిన పుస్తకాలకి సెల్లోటేపు వేస్తే మాత్రం ఆయనకి ఒళ్లు మంట. ఆ జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. పిండి జిగురుతో జపాన్ టిష్యూ అనే పల్చటి కాగితం అంటిస్తే, రేపు వద్దనుకున్నప్పుడు తడిపి తీసేయొచ్చు. లామినేషన్ చేయించేస్తే ఇక తీయడం అంటూ ఉండదు.

సాయంత్రం కోటలో కీర్తితోరణాలు చూశాం. ఎండకీ వానకీ నిలబడే రాయి అది, ఎంతసేపు చూసినా దానికేం కాదు. పుస్తకాలు చూడాలంటే పొద్దున్నే వెళ్లండి, వెళ్లేముందు ఫోన్ చేసి అడగండి, ఫోటోకి ఫ్లాష్ తీసేయండి. లాడ్జి మాత్రం నేను మారుస్తాను.