మిస్ వరల్డా, మిస్ యూనివర్సా: మన పిల్లకు ఏది మేలు?

"అక్కా, వరల్డ్ కన్నా యూనివర్స్ పెద్దదే గదా, మరి దానికే పోతే అయిపాయె!"

బ్లౌజు కొలతలకు నిలబడి ఒక డిగ్రీ పిల్ల అన్న మాట ఇది. నవ్వాపుకోలేకపోయాను. కానీ 2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు హన్మకొండలో దిగి, బతుకమ్మ ఆడి, ఒక జట్టు వేయిస్తంభాల గుడికీ వరంగల్ ఖిలాకూ, ఇంకో జట్టు రామప్పకూ పోయి వచ్చినప్పటి నుంచీ మా టైలరింగ్ షాపులో ఏదో ఒక రూపంలో ఇదే ప్రశ్న. బిడ్డలు అడుగుతారు, వాళ్ళు బయటికి పోయాక తల్లులు మెల్లగా అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

పెద్దదీ చిన్నదీ అనే లెక్క ముందు పక్కన పెట్టండి. మిస్ వరల్డ్ 1951లో లండన్‌లో మొదలైతే, మరుసటి ఏడే కాలిఫోర్నియాలో మిస్ యూనివర్స్ పుట్టింది. మనవాళ్ళు మొదటిది ఆరుసార్లు, రెండోది మూడుసార్లు గెలిచారు. 1994లో ఐశ్వర్య, సుస్మిత రెండు కిరీటాలూ ఒకే ఏడు తెచ్చారు. సుస్మితా సేన్, 1997లో మిస్ వరల్డ్ అయిన డయానా హేడెన్ ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్ళే. పేరుప్రతిష్ఠల్లో ఏదీ దేనికీ తీసిపోదు.

తల్లుల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: ఈత దుస్తుల్లో నడవాలా? మిస్ వరల్డ్ 2015 పోటీ నుంచి ఆ రౌండ్ తీసేసింది, మిస్ యూనివర్స్‌లో ఇప్పటికీ ఉంది. చాలా ఇళ్ళల్లో చర్చ ఇక్కడే ముగిసిపోతుంది. నా మట్టుకు నాకు ఇది పెద్ద విషయం కాదు, బట్టలు కుట్టేదాన్ని కాబట్టి కావచ్చు. నన్ను భయపెట్టేది గౌన్ల ఖర్చు. మిస్ యూనివర్స్‌లో ఈవెనింగ్ గౌన్‌కు ఒక రౌండ్, ఎవరి దేశపు వేషానికి వాళ్ళకు మళ్ళీ వేరే ప్రదర్శన. పెళ్ళి బ్లౌజు చేతుల మీద మగ్గం వర్కుకే మాకు వారం పది రోజులు పడుతుంది. అక్కడ మెడ నుంచి మడమ దాకా పనే. డబ్బున్న ఇంటి పిల్లకూ లేని ఇంటి పిల్లకూ తేడా స్టేజీ ఎక్కకముందే తెలిసిపోతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ చూసేది వేరే ఉంది. మిస్ వరల్డ్‌లో 1972 నుంచి 'బ్యూటీ విత్ ఎ పర్పస్' అని ఒకటి నడుస్తోంది. నువ్వు ఇంతవరకూ ఎవరికోసం ఏం చేశావు, చూపించు అంటారు. ఇది ఉత్త అలంకారమని నేనూ అనుకునేదాన్ని. థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీని చూశాక మనసు మారింది. 2024 నవంబరులో మెక్సికోలో జరిగిన మిస్ యూనివర్స్‌లో ఆమె థర్డ్ రన్నరప్, అంటే నాలుగో స్థానం. ఆర్నెల్లు దాటీ దాటగానే 2025 మే 31న హైదరాబాద్ హైటెక్స్‌లో మిస్ వరల్డ్. ఆమె ఈ పోటీకి వచ్చిందని యూనివర్స్ వాళ్ళు ఆ రన్నరప్ బిరుదు కూడా వెనక్కి తీసుకున్నారు. అదే మనిషి, అదే నడక. పదహారేళ్ళకు రొమ్ములో గడ్డ బయటపడితే తీయించుకుని, అప్పటి నుంచి ఆడవాళ్ళకు రొమ్ము ఆరోగ్యం గురించి చెప్పడం పనిగా పెట్టుకుంది. ఆ పనికి ఇక్కడ తూకం ఎక్కువ పడిందని నా నమ్మకం.

మన పిల్లలకు కలిసొచ్చేది కూడా ఇదే. గౌన్ కొనలేకపోవచ్చు. కానీ ములుగు వైపు ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వారం వారం పోయి రక్తహీనత గురించి మాట్లాడటానికి బస్సు చార్జీ చాలు. రెండేళ్ళు ఆగకుండా చేస్తే చెప్పుకోవడానికి సొంత కథ ఉంటుంది. ఫొటోల కోసం ఒక్కరోజు చేస్తే మాత్రం అడిగేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

మిస్ వరల్డ్‌ను అంతగా మెచ్చుకుంటున్నానని మచ్చ లేనిదనుకోకండి. రామప్ప దగ్గర పోటీదారుల కాళ్ళ మీద మన ఆడవాళ్ళు నీళ్ళు పోసి తుడిచిన వీడియో చూసి నాకూ కడుపు మండింది. ఇంగ్లాండ్ అమ్మాయి మిల్లా మాగీ మధ్యలోనే వెళ్ళిపోయి ఆరోపణలు చేసింది, నిర్వాహకులు కాదన్నారు. అటు మిస్ యూనివర్స్‌లోనూ 2025లో థాయ్‌లాండ్‌లో గొడవే. అందరి ముందూ తిట్లు తిన్న మెక్సికో అమ్మాయి ఫాతిమా బాష్ లేచి బయటికి నడిచింది, చివరికి కిరీటమూ ఆమెకే వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం యూనివర్స్‌దే పైచేయి, ఒప్పుకోవాలి. పెళ్ళయినవాళ్ళనూ తల్లులనూ 2023 నుంచి రానిస్తున్నారు, ఆ మరుసటి ఏడు పై వయసు హద్దు కూడా ఎత్తేశారు. మిస్ వరల్డ్‌లో ఆ వెసులుబాటు లేదు. కొడుకు ఉన్నాడని 2018లో మిస్ ఉక్రెయిన్ వెరోనికా దిదుసెంకో కిరీటమే పోయింది. ఇరవై రెండుకే పెళ్ళి సంబంధాలు చూసే మన దిక్కున ఇది చిన్న మాట కాదు. పెళ్ళయిన పిల్లకు ఆశ ఉంటే ఇక ఆలోచించేదేముంది, యూనివర్సే.

దారులు వేరు. మిస్ వరల్డ్‌కు ఫెమినా మిస్ ఇండియా నుంచి పోవాలి: వయసు 18 నుంచి 25, ఎత్తు కనీసం 5 అడుగుల 3 అంగుళాలు, ముందు రాష్ట్రం తరఫున ఎంపిక కావాలి. 2020 పోటీలో ఈ దారిలోనే మన తెలంగాణ నుంచి మానస వారణాసి గెలిచి, మిస్ వరల్డ్‌లో టాప్ 13 దాకా వెళ్ళింది. యూనివర్స్‌కు 2024 నుంచి గ్లామానంద్ అనే పోటీల సంస్థ వాళ్ళు పంపుతున్నారు, 2024, 2025 ఫైనల్స్ రెండూ జైపూర్‌లోనే.

మిస్ ఎర్త్, మిస్ ఇంటర్నేషనల్ కూడా ఉన్నాయి. మిస్ ఎర్త్ 2010లో నికోల్ ఫారియా గెలిచింది. మా షాపులో వాటి గురించి ఎవరూ అడగలేదు.

ఆ డిగ్రీ పిల్లకు ఇదంతా చెప్పి, టేపు చేతిలోనే ఉంది గదా అని గోడకు నిలబెట్టి కొలిచాను. 5 అడుగుల 2 అంగుళాలు.

"హీల్స్ వేసుకుంటా అక్కా. రామప్ప గుడి మీద మదనిక బొమ్మకే ఉన్నయి గదా హీల్స్!"

ఉన్నాయి, ఎనిమిది వందల ఏళ్ళ నుంచీ ఉన్నాయి. కానీ ఫెమినా వాళ్ళు హీల్స్ లేకుండానే కొలుస్తారని చెప్పాను.