తేక్కడి, మున్నార్, అవలాంచి: రెండ్రోజుల లీవుకి ఏది మేలు?

ఎండలు ముదిరేసరికి మన నెల్లూరు, కావలి, ఒంగోలు సైడు ఏ ఫ్యామిలీ గ్రూపు తెరిచినా ఇదే చర్చ. కొండ మీద లేక్ కావాల, చుట్టూ అడివి ఉండాల, చలి వెయ్యాల, మళ్లీ సోమవారం పొద్దునకల్లా డ్యూటీలో ఉండాల. ఆఖరికి మూడు పేర్లు మిగుల్తాయి, కేరళలో తేక్కడి, మున్నార్, ఊటీ అవతల అవలాంచి. లీవు తక్కువున్నప్పుడు నేను చూసేది ఒకటే, ఘాట్ రోడ్డు ఎంత తింటది, నీళ్ల దగ్గర ఎంత మిగుల్తది.

ఆ లెక్కన తేక్కడి ముందుంటది. లేక్ పెరియార్ టైగర్ రిజర్వు లోపలే ఉంది, పక్కనే ఉండే కుమిలి ఊళ్లో రూమ్ తీసుకుంటే బోట్ల దగ్గరికి నాలుగు కిలోమీటర్లే. ఇదేం దేవుడిచ్చిన చెరువు కాదులెండి, పెన్నీక్విక్ అనే ఇంగ్లీషు ఇంజినీరు ముల్లపెరియార్ డ్యాం కట్టిస్తే 1895 నుంచి నిలిచిన నీళ్లు, కేరళ అడివిలో నిలబడి కొండ సొరంగంలోంచి తమిళనాడు పొలాలకి పోతాయి, మన కండలేరు నీళ్లు చెన్నై కుళాయిల్లోకి పోయినట్టు. అప్పట్లో మునిగిన చెట్ల మోళ్లు ఇంకా నల్లగా నిలబడే ఉన్నాయి, బోటు వాటి మధ్యనుంచే పోద్ది, వాటి మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటా కూర్చోనుంటాయి, పిల్లోళ్లు ఏనుగు ఏనుగు అని అరిచేది సగంసార్లు ఈ మోళ్లని చూసే. నిజం ఏనుగులు కావాలంటే మార్చి, ఏప్రిల్ మేలు, లోపల గుంటలు ఎండిపోతే అవే ఒడ్డుకొస్తాయి, అదీ పొద్దున ఫస్ట్ బోటుకి గానీ సాయంత్రం ఆఖరు బోటుకి గానీ. మధ్యాన్నం ఎక్కి ఏం కనపళ్లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. 2009లో ఇక్కడే బోటు తిరగబడి 45 మంది పోయారు, కాబట్టి లైఫ్ జాకెట్ ఉక్కపోస్తంది అని విప్పేసే పెద్దమనుషులు కాస్త ఓర్చుకోండి. మైనస్ ఏందంటే ఎత్తు తక్కువ, 900 మీటర్లు అట్టా ఉంటది, రోహిణి కార్తె నుంచి తప్పించుకోవచ్చు గానీ స్వెట్టర్ వేసుకునే చలి రాదు.

మున్నార్ చలి కావాలన్నోళ్లకి బాగుంటది, కానీ రెండ్రోజులకి నేను చెప్పను. ఎరవికులం నేషనల్ పార్కు ఒక దిక్కు, మాటుపెట్టి, కుండల అనే రెండు లేకులు ఇంకో దిక్కు, చెరో పూట పోద్ది, పైగా పార్కు లోపలికి మన కారు పోనీరు, వాళ్ల బస్సుకి క్యూ కట్టాల. ఆ క్యూ మాత్రం దండగ కాదు, పైకెళ్లాక నీలగిరి తార్ అనే కొండమేక రోడ్డు పక్కనే నిలబడి గడ్డి నముల్తా ఉంటది, ఇంతమంది ఫోన్లు పెట్టినా మనల్ని లెక్కే చెయ్యదు. ఫిబ్రవరి, మార్చిలో అవి ఈనే టైమని పార్కు మూసేస్తారు, ఇది చూసుకోకుండా శివరాత్రి సెలవుకి ప్లాన్ చేస్తే గేటు చూసి రావాల్సిందే. మాటుపెట్టిలో స్పీడు బోట్లు, జనం, ఆ మాత్రానికి సోమశిల కట్ట మీదికి పొయ్యొస్తే డీజిల్ మిగిలిద్ది. కుండల లేక్ నయం.

అవలాంచి కుర్రోళ్ల బ్యాచికి. ముకుర్తి నేషనల్ పార్కు అంచున, ఊటీ నుంచి 25 కిలోమీటర్ల పైచిలుకు, లోపల తిప్పేది ఫారెస్టోళ్ల బండే. ఊటీ లేక్‌లో కనపడే తిరనాల గోల ఇక్కడ ఉండదు. వానాకాలం మాత్రం వద్దు, 2019 ఆగస్టులో ఒక్కరోజులోనే 80 సెంటీమీటర్ల పైన పడిన చోటది. సొంత కారులో పోతే ఊటీకి ఈ-పాస్ ఉండాల, 2024 మే నుంచి కోర్టు పెట్టింది, 2025 ఎండాకాలంలో రోజుకి ఇన్ని బండ్లే అని లిమిట్ కూడా పెట్టారు, బస్సుకైతే ఆ బాధ లేదు.

ఇంక రైలు సంగతి. శబరి ఎక్స్‌ప్రెస్ ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆగుద్ది, రాత్రి ఎక్కితే పొద్దునకి కోయంబత్తూరు, అక్కణ్ణుంచి ఊటీ బస్సు మూడు గంటల పైన. అదే రైల్లో ఇంకా పోయి ఆలువాలో దిగి మున్నార్, కొట్టాయంలో దిగి తేక్కడి పోవచ్చు, కానీ రెండిటికీ మళ్లీ 110 కిలోమీటర్ల ఘాట్, ఆ రోజు హుళక్కే. తేక్కడికి నా ఓటు బోడి రైలుకి, అంటే తమిళనాడులో తేని మీదుగా బోడినాయకనూరు పోయే రైలు, 2023 నుంచి చెన్నై సెంట్రల్లో వారానికి మూడు రోజులు రాత్రిపూట బయల్దేరుద్ది, తెల్లారి తేనిలో దిగితే కుమిలి 60 కిలోమీటర్లు. వంకర్లకి వాంతులయ్యేవాళ్లుంటే గూడూరు నిమ్మకాయలు జేబులో ఏసుకోండి, మన మొలగొలుకుల సన్నబియ్యం తిన్న నోటికి కేరళ లావు బియ్యం దిగదు కాబట్టి హోటల్లో ముందే తెల్ల బియ్యం అన్నం అడగండి.

అత్తామామలు, చిన్నపిల్లలు ఉంటే తేక్కడే, కాకపోతే సంక్రాంతి సెలవులకి మాత్రం పెట్టుకోవద్దు, శబరిమల కూడా ఆ రిజర్వు అడివిలోనే, మకరజ్యోతి టైములో కుమిలి రోడ్డంతా స్వాముల బస్సులే, మాల వేసినోళ్లని అడిగితే చెప్తారు. ఏప్రిల్‌కి అయితే ఫిబ్రవరిలోనే కూర్చోండి, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, ముందు బోడి రైలు వెనక్కొచ్చే టికెట్ దొరికిందా చూసుకుని తర్వాతే రూమ్ బుక్ చెయ్యండి.