పాత ఎస్టీమ్‌కి టర్బో, దానికి స్పీడుయినో: చాన్నాళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తా. తక్కువ డబ్బుతో ఇంటి దగ్గర టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించేది) కారు కట్టుకునేవాడికి స్పీడుయినో అనే ఈసీయూ (పెట్రోల్ ఎంత పొయ్యాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో చూసే ఇంజన్ కంప్యూటర్) సరిపోతుంది. కాకపోతే డబ్బా కొని తగిలించేస్తే అయిపోయే పని కాదు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నెలల తరబడి కూర్చోవాలి. ఆ ఓపిక లేకపోతే టర్బో జోలికే వెళ్లకండి, ఎందుకంటే దీనికి పదింతలు పెట్టి ఏ ఈసీయూ కొన్నా ఆ కూర్చోవడం తప్పదు.

బండి పాత మారుతి ఎస్టీమ్, 1.3 లీటర్ల పదహారు వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చల్లే రకం). టర్బో, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) రెండూ గాజువాక ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లో ఏరుకొచ్చినవే, 1.3 మల్టీజెట్ డీజిల్ కార్ల మీద వచ్చే చిన్న టర్బో. పిస్టన్లు, రాడ్లు కంపెనీవే కాబట్టి బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) 0.4 బార్ దాటనివ్వను. పైగా డీజిల్ కన్నా పెట్రోల్ ఇంజన్ ఎగ్జాస్ట్ వేడి బాగా ఎక్కువ, ఆ టర్బో ఆ వేడికి చేసింది కాదు, అక్కడ ఆశకు పోకూడదు. ఇలాంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం వస్తుంది, ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. అది తెలిసే దిగాలి.

మా విజయనగరంలో ఎవర్ని అడిగినా మొదట చెప్పేది ఒకటే: పాత ఈసీయూ అలాగే ఉంచేసి, బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోల్ ప్రెషర్ పెంచే రెగ్యులేటర్ ఒకటి పెట్టెయ్. చౌకే, కాదనను. కానీ కంపెనీ మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) మామూలు గాలి ఒత్తిడి వరకే చూస్తుంది, ఆ పైన బూస్ట్ ఎంతున్నా దానికి కనబడదు, కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి లాగే నాథుడు ఉండడు. పిగ్గీబ్యాక్ (పాత ఈసీయూకి తగిలించే అదనపు పెట్టె) అయితే సెన్సర్ల లెక్కలు మార్చి పాత ఈసీయూని నమ్మిస్తుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆ ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని మళ్లీ తన దారికి తానొచ్చేస్తుంది. మైక్రోస్క్విర్ట్ అనే ఈసీయూ మంచిది, గట్టి సీల్డ్ పెట్టె, కానీ బయటి నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ కలుపుకొని బడ్జెట్ అనే మాట మర్చిపోవాలి. హాల్‌టెక్, లింక్ లాంటి ఖరీదైన ఈసీయూలు నా కారు ధర కన్నా ఎక్కువ, వాటి గురించి నేను మాట్లాడితే నవ్వుతారు.

స్పీడుయినో అంటే ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ. నాలుగు ఇంజెక్టర్ ఛానళ్లు, నాలుగు ఇగ్నిషన్ ఛానళ్లు. మ్యాప్ సెన్సర్ 250 కిలోపాస్కల్స్ దాకా చదివేది వేసుకుంటే ఇలాంటి చిన్న బూస్ట్‌కి బోలెడు. బోర్డు, కనెక్టర్లు అన్నీ కలిపినా నాకు వైడ్‌బ్యాండ్ (గాలి, పెట్రోల్ పాళ్లు కచ్చితంగా చెప్పే సెన్సర్) కన్నా తక్కువే పడింది, అదే సరైన వరస కూడా. డబ్బు పెట్టాల్సింది వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ మీద, వైరింగ్ మీద. పెట్టె మీద కాదు.

ఎందుకో చెప్తా. మొదట్లో బూస్ట్ లేకుండా సెట్ చేసుకుని, తర్వాత చింతవలస వైపు తెల్లవారుజామున కొంచెం తొక్కి చూశాం. పక్క సీట్లో మా మెకానిక్. వయసులో పెద్దాయన, చెవితోనే ట్యాపెట్ క్లియరెన్స్ చెప్పేయగలడు. "సౌండు బాగుంది గదా బాబూ, ఇంకేటి కావాల?" అన్నాడు. అదే సమయంలో వైడ్‌బ్యాండ్ గేజ్ మీద 13.8 ఉంది, అంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి 13.8 పాళ్లు గాలి. బూస్ట్‌లో పెట్రోల్ ఇంజన్‌కి అది పదకొండున్నర, పన్నెండు మధ్య ఉండాలి. పెట్రోల్ తక్కువైన ఇంజన్ చెడ్డ చప్పుడు చెయ్యదు, పైగా ఇంకా హుషారుగా లాగుతున్నట్టు అనిపిస్తుంది, ఆ హుషారులోనే పిస్టన్ కరుగుతుంది. పాత నారోబ్యాండ్ సెన్సర్ 14.7కి అటా ఇటా అని మాత్రమే చెబుతుంది, బూస్ట్‌లో అది ఉన్నా లేనట్టే. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో పనిచేసే కంట్రోలర్ ఏదైనా తీసుకోండి. సెన్సర్‌ని టర్బో తర్వాత, నీళ్లు చేరకుండా కొంచెం పైకి వాల్చి బిగించండి, హీటర్‌కి కరెంటు లేకుండా ఇంజన్ నడపకండి, పాడైపోతుంది.

రెండో ఖర్చు ట్రిగ్గర్, అంటే క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి చెప్పే ఏర్పాటు. క్రాంక్ పుల్లీకి 36-1 పళ్ల చక్రం (36 పళ్లలో ఒకటి లేనిది), హాల్ సెన్సర్ వేయించా. లేత్ పని మన ఊళ్లోనే చేయించుకోవచ్చు, చక్రం ఊగకుండా తిరగాలి, అంతే. ల్యాప్‌టాప్‌లో ట్యూన్ చేసే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో సింక్ లాస్ కౌంటర్ (ఆ చక్రం లెక్క ఈసీయూకి ఎన్నిసార్లు తప్పిందో చూపేది) ఒకటి ఉంటుంది, అది పెరుగుతుంటే మిగతా ట్యూనింగంతా దండగ. నా బండిలో ఆర్‌పీఎమ్ పెరగ్గానే యూఎస్‌బీ తెగిపోయేది. బోర్డే పోయిందని చాలామంది అక్కడే వదిలేస్తారు. అసలు దోషం ప్లగ్గుల్లో: ఎవరో ఎప్పుడో రెసిస్టర్ లేనివి వేశారు, వాటి స్పార్క్ వల్ల వచ్చే కరెంటు రొదే యూఎస్‌బీని తెంపేది. ఎన్‌జీకేలో అయితే నంబరు మధ్యలో ఆర్ అక్షరం ఉన్నవి తీసుకోండి. సెన్సర్ల గ్రౌండ్ అంతా బోర్డుకే తిప్పి, బాడీకి ఎక్కడా కలపకుండా ఉంచాక ఆ గొడవ పూర్తిగా సద్దుమణిగింది.

ట్యూనర్‌స్టూడియో ఉచిత వెర్షన్‌తో పనంతా చేసుకోవచ్చు. కానీ నడుపుతుండగానే వీఈ టేబుల్‌ని (ఏ ఆర్‌పీఎమ్, ఏ ఒత్తిడిలో ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో చెప్పే పట్టిక) దానంతటదే సరిచేసే సౌకర్యం డబ్బు కట్టినదాంట్లోనే ఉంది. కట్టండి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఒకసారి ఎక్కి దిగితే ఊళ్లో నెలంతా తిరిగినా తగలని ఆ పట్టిక గడులు నిండిపోతాయి. ఆ ఘాట్‌లోనే ఇంకో సంగతి బయటపడింది: బయటి గాలి ఒత్తిడిని స్పీడుయినో తాళం తిప్పినప్పుడు మాత్రమే మ్యాప్ సెన్సర్‌తో కొలుచుకుంటుంది. కింద స్టార్ట్ చేసి ఆపకుండా అరకు ఎక్కితే దాని లెక్కలో ఇంకా మైదానంలోనే ఉన్నట్టు, పైన టీకి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మిక్స్చర్ మారిపోతుంది. బయటి గాలి ఒత్తిడి చూడ్డానికి వేరే బారో సెన్సర్ పెట్టుకోవచ్చు, పెట్టాను, తేడా తెలిసింది.

ఎండాకాలం రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఇంకో తంటా. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీదున్న ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ ఆ లోహం వేడినే గాలి వేడి అనుకుని పెట్రోల్ తగ్గించేస్తుంది, గేటు తీశాక బండి దగ్గుతూ కదులుతుంది. సెన్సర్‌ని ఇంటర్‌కూలర్ తర్వాతి పైపులోకి మార్చాక చాలావరకు పోయింది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక ఇంజెక్టర్లు పాత ఈ10తో పోలిస్తే నాలుగైదు శాతం ఎక్కువ పొయ్యాలి, టేబుల్ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. గేజ్ లాంబ్డా లెక్కన (ఏ పెట్రోల్‌కైనా సరిగ్గా సరిపోయే పాళ్లను 1 అనుకునే లెక్క) చూడండి, బూస్ట్‌లో 0.80 దగ్గర, అప్పుడు ఏ పెట్రోలైనా అయోమయం ఉండదు. పాత రబ్బరు హోసులు మాత్రం మార్చేయండి.

నాకు నచ్చనిది: నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం) కంట్రోల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అందుకే బూస్ట్ ప్రతి పీఎస్‌ఐకి (దాదాపు 0.07 బార్) ఒక డిగ్రీ చొప్పున టైమింగ్ వెనక్కి తీసి, అక్కడే ఉంచేశా, ఇంకో నాలుగు గుర్రాల కోసం ముందుకు జరపలేదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కూడా ఇది నడపదు. మీ కారుకి యాక్సిలరేటర్ కేబుల్ ఉంటే స్పీడుయినో కొనుక్కోండి, లేకపోతే రూస్‌ఈఎఫ్‌ఐ అనే ఇంకో ఓపెన్ సోర్స్ ఈసీయూ బోర్డు చూసుకోండి.