లైసెన్సుకు ముందు ఫీల్డ్ టెస్ట్

నాకు 58. ఆరేళ్లుగా గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు), రోజూ పడుకునే ముందు రెండు కళ్లలో చుక్కలు. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కు ఫారం 1ఎ (మెడికల్ సర్టిఫికెట్) మీద డాక్టరు సంతకం కావాలి. పోయినసారి ఒకచోట కంట్లో టార్చి కూడా వేయకుండా పెట్టిచ్చారు.

ఈసారి నల్లగొండలోనే నేను చూపించుకునే కళ్ల ఆసుపత్రికి వెళ్లాను. ముందు ఫీల్డ్ టెస్ట్ అన్నారు, అంటే చూపు చుట్టుపక్కల ఎంతవరకు అందుతుందో చూసే పరీక్ష. ఒక కన్ను మూసి, గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి, నడిమి లైటునే చూస్తూ, పక్కన చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. నిజంగా కనిపించిందా, నేనే అనుకున్నానా అని ఒకటే టెన్షన్. "అన్నీ ఎవరికీ కనబడవు అంకుల్, నిదానంగా నొక్కండి" అంది టెక్నీషియన్ అమ్మాయి.

డాక్టరు ప్రింటు చూపించారు. ఎడమ కంటి చూపులో ముక్కు వైపు పైమూల నల్లబడింది, అంటే అక్కడ సరిగా కనబడట్లేదు. ఆ లోటును కుడి కన్ను పూడుస్తోందట. సంతకం పెడుతూ, "రాత్రిపూట మిర్యాలగూడ రోడ్డు మాత్రం మీ అబ్బాయికి వదిలేయండి సార్" అన్నారు. మా ఆవిడ రెండేళ్లుగా అంటున్నదీ అదే, ఫీజు లేకుండా.

వెయిటింగ్ మూడు గంటలు, ఫ్యాన్ కింద రెండే కుర్చీలు. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే గంటల తరబడి మసకే, బండి తీసుకెళ్లకండి. నేను క్లాక్ టవర్ దాకా ఆటోలో వచ్చాను.